బొమ్మని చెవికి చెప్పడం ఎలా? మా పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ల లెక్క

మొన్న ఆదివారం మా తమ్ముడూ నేనూ నిజాంపేటలో వాళ్ళ ఫ్లాట్‌లో నేల మీద చాప వేసుకుని కూర్చుని, రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి ముందేసుకుని పాడ్‌కాస్ట్‌కి ఎపిసోడ్లు రాయడం మొదలుపెట్టాం. తమ్ముడంటే మా పిన్ని కొడుకు. మా ఇద్దరికీ చిన్నప్పట్నుంచీ ఇష్టమైనవి రెండే, ఒకటి బొమ్మల కథలూ కార్టూన్లూ, రెండోది స్కిట్లు, అంటే టీవీలో వచ్చేవీ స్కూల్ యానివర్సరీకి వేసేవీ రేడియోలో విన్నవీ అన్నీ కలిపి. సినిమాల గురించి మాట్లాడేవాళ్ళు తెలుగులో బోలెడంతమంది ఉన్నారు, వీటి గురించి కూర్చుని ఓపిగ్గా మాట్లాడుకునేవాళ్ళు తక్కువ, సరే మనమే మొదలుపెడదాం అనుకున్నాం.

మొదటి అరగంటలో పన్నెండు ఎపిసోడ్లు రాసేశాం. ఒకటి చందమామ, రెండు బాపు గారు, మూడు అమృతం, నాలుగు జబర్దస్త్, ఇలా. రాసింది తమ్ముడు పైకి చదివాడు, చదివి "అక్కా, ఇది నేనైతే రెండో నిమిషంలో ఆపేస్తా" అన్నాడు. నిజమే కదా. ఎవరు ఎప్పుడు పుట్టారు ఏ పత్రిక ఎప్పుడు పెట్టారు అని వరసగా చెప్పుకుంటూ పోతే అది పరీక్షకి చదివినట్టుంటుంది. చందమామ 1947 జులైలో మద్రాసులో మొదలైందనీ నాగిరెడ్డి చక్రపాణి గార్లు పెట్టారనీ చెప్తాం, తర్వాత? వినేవాళ్ళకి ఒక్క బొమ్మ కూడా కళ్ళ ముందుకి రాదు. ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేశాం.

అప్పుడు తట్టింది, మనుషుల పేర్లు కాదు పెట్టాల్సింది, నవ్వు దేంట్లోంచి పుడుతుందో దాని పేరు పెట్టాలి అని. అప్పు. అద్దె ఇల్లు. ఆడవేషం. చిన్నపిల్లాడి ప్రశ్న. యాస. ఇలా పెడితే ఒకే ఎపిసోడ్‌లో కార్టూనూ వస్తుంది, స్కిట్టూ వస్తుంది, పాత నాటకమూ వస్తుంది, పైగా మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ఇది తట్టాక మాకు మధ్యాహ్నం భోజనం సంగతి కూడా గుర్తులేదు, మరదలొచ్చి నోట్‌బుక్ లాక్కుంటే గానీ లేవలేదు.

అప్పు ఎపిసోడ్ తీసుకోండి. ముళ్ళపూడి వెంకటరమణ గారి అప్పారావు ఉన్నాడు కదా, కంటపడినవాడల్లా అతనికి అప్పిచ్చేవాడే. మామూలుగా అప్పు అడిగేవాడు తల దించుకుని నసుగుతూ అడుగుతాడు, ఇతను మాత్రం ఎదుటివాడికేదో మేలు చేస్తున్నట్టు దర్జాగా అడుగుతాడు, నవ్వంతా అక్కడే ఉంది. దాని పక్కన కన్యాశుల్కం గిరీశాన్ని పెట్టండి, పూటకూళ్ళమ్మ సామాను కొనిపెట్టమని ఇచ్చిన ఇరవై రూపాయలు ఇంకో చోట ఖర్చు పెట్టేసి ఊరంతా తప్పించుకు తిరుగుతాడు. ఒకడు అప్పు అడగడంలో నవ్విస్తాడు, ఇంకొకడు తప్పించుకోవడంలో నవ్విస్తాడు. టీవీకొస్తే అమృతం ఉండనే ఉంది, 2001లో మొదలైంది, అందులో అమృతరావూ ఆంజనేయులూ హోటల్ ఎత్తేసే పరిస్థితి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త ప్లాన్ వేసి ఇంకా లోతుకి దిగబడతారు. గుండు హనుమంతరావు గారు ఆ ఆంజనేయులు పాత్రలో డబ్బు మాట వచ్చినప్పుడు పెట్టే మొహం, ఆ మొహాన్ని ఎలా చెప్పాలి మైకులో? ఇక్కడే అసలు చిక్కంతా ఉందని అప్పుడే అర్థమైంది మాకు.

ఎందుకంటే మేం మాట్లాడబోయేవన్నీ కంటితో చూసేవి. పాడ్‌కాస్ట్ చెవికి.

అందుకని ఒక ప్రయోగం చేద్దాం అన్నాను. తమ్ముడి కూతురు అమ్ములుకి తొమ్మిదేళ్ళు, చందమామ ఎప్పుడూ చూడలేదు, ఇంట్లో లేదు కూడా. దాని చేతికి తెల్లకాగితం స్కెచ్ పెన్నూ ఇచ్చి, మేం ఒక బొమ్మ గురించి చెప్తాం నువ్వు విని గియ్యి అన్నాం. చెప్పింది శంకర్ గారి విక్రమార్కుడి బొమ్మ. శంకర్ అంటే కె.సి.శివశంకరన్ గారు, 2020లో పోయారు, చందమామలో బేతాళ కథ పైన ఏళ్ళ తరబడి వచ్చిన ఆ బొమ్మ ఆయనదే. నా తరం వాళ్ళకి కళ్ళు మూసుకున్నా కనపడే బొమ్మ అది. తమ్ముడు చెప్పాడు, "ఒక రాజు రాత్రిపూట శ్మశానంలో నడుస్తున్నాడు, చేతిలో కత్తి ఉంది, భుజం మీద శవం ఉంది" అని. అమ్ములు పావుగంట సేపు నాలుక బయటపెట్టి శ్రద్ధగా గీసింది. చూస్తే ఏముంది, రాజు బానే ఉన్నాడు, కత్తి బానే ఉంది, శవం మాత్రం రాజు భుజాల మీద రెండు కాళ్ళూ ఇటొకటీ అటొకటీ వేసుకుని నిటారుగా కూర్చుంది, తిరనాళ్ళలో నాన్న మెడ మీద పిల్లాడు కూర్చున్నట్టు.

తప్పు పిల్లది కాదు. భుజం మీద ఉంది అన్నాం, భుజం మీద ఉన్నవాళ్ళని అది అలాగే చూసింది. ఇంకో కాగితం ఇచ్చి ఈసారి నేను చెప్పాను, "అమ్ములూ, బియ్యం బస్తా మోసేవాళ్ళని చూశావా, బస్తా సగం ముందుకీ సగం వెనక్కీ వాలిపోయి ఉంటుందే, అలా" అన్నాను. కింద కిరాణా కొట్టు ముందు ఆటోలోంచి బస్తాలు దించడం అది రోజూ చూస్తుంది. రెండో బొమ్మలో శవం వాలింది. జుట్టు కిందికి వేలాడింది, జుట్టు సంగతి మేం చెప్పనే లేదు, తల కిందికుంటే జుట్టు కూడా కిందికే కదా అని అదే గీసుకుంది. గీశాక "అత్తా, చచ్చిపోయినవాడు మరి కథ ఎలా చెప్తాడు?" అని అడిగింది, అలా అడిగాక ఆగుతామా, కథ మొత్తం చెప్పాల్సొచ్చింది.

ఇదే ప్రతి ఎపిసోడ్‌లో ఒక భాగంగా పెట్టాలని అక్కడికక్కడే నిర్ణయించేసుకున్నాం. ఒక కార్టూన్ గానీ కథ బొమ్మ గానీ మాటల్లో చెప్తాం, అది చూడనివాళ్ళు ఎవరైనా గీస్తారు, గీసింది అసలుకి ఎక్కడ తేడా వచ్చిందో దాని గురించి మాట్లాడుకుంటాం. గీసిన గీత ఏం చెప్తోందో అప్పుడు గానీ తెలీదు. బాపు గారి బొమ్మలో జడ ఎంత పొడుగో, కళ్ళు ఎంత పెద్దవో నోటితో చెప్పడానికి ప్రయత్నించండి, ఆయన ఎన్ని తక్కువ గీతలతో ఎంత చెప్పేశారో అప్పుడు తెలుస్తుంది, నేను చెప్పబోయి ఐదు నిమిషాలు తడుముకున్నాను.

ఇవన్నీ అనుకుంటుంటే తమ్ముడు తోలుబొమ్మలాట అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మేం విడివిడిగా అనుకుంటున్న రెండూ అందులో కలిసే ఉన్నాయి. బొమ్మ తోలు మీద గీసి రంగులేసింది, అంటే కామిక్. ఆ బొమ్మల చేత మాట్లాడించేది స్కిట్. రామాయణం జరుగుతూ జరుగుతూ ఉండగా మధ్యలో కేతిగాడూ బంగారక్కా జుట్టుపోలిగాడూ దూరిపోతారు, వాళ్ళకీ రాముడి కథకీ సంబంధం లేదు, వాళ్ళ తగాదా వాళ్ళది, మాటలు చాలా మోటుగా ఉంటాయి, జనం పడీపడీ నవ్వుతారు, నిద్ర తూగుతున్నవాళ్ళు లేచి కూర్చుంటారు, మళ్ళీ కథలోకి వెళ్ళిపోతారు. రాత్రంతా ఆడే ఆటలో జనాన్ని మెలకువగా ఉంచే పని ఆ ముగ్గురిదీ. రాముడి బొమ్మ పెద్దది, రంగులు నిండుగా ఉంటాయి, కేతిగాడు చిన్నగా ఉంటాడు, అయినా తెర మీదకి వచ్చాడంటే చూపంతా వాడి మీదే. వెనక దీపం వెలుగు పల్చటి తోలులోంచి వచ్చి తెర మీద రంగులు పడతాయి, కాళ్ళూ చేతులూ విడిగా కట్టి ఉంటాయి కాబట్టి ఆడించేవాళ్ళ చేతి కుదుపుని బట్టి వాడు ఎగిరి తంతాడు కూడా.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఈ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా లాంప్ షేడ్లూ గోడకి పెట్టుకునే బొమ్మలూ చేసి అమ్ముతున్నారు, ఆట అడిగేవాళ్ళు తగ్గిపోయారు మరి. నాకు దీని మీద చాలా పట్టుదలగా ఉంది, ఈ ఎపిసోడ్ ఇంట్లో కూర్చుని రికార్డ్ చేయకూడదు, నిమ్మలకుంట వెళ్ళాలి, కేతిగాడి గొంతు ఆ ఆడించేవాళ్ళ నోటనే వినాలి. ఆ మోటు మాటలు తీసేసి శుభ్రం చేసి వినిపిద్దామా అని తమ్ముడికి సందేహం. వద్దన్నాను. పిల్లలు వినకూడదని ముందే చెప్పేసి ఉన్నది ఉన్నట్టు పెడదాం, అది తీసేస్తే కేతిగాడే ఉండడు.

ఆడవేషం ఎపిసోడ్ దగ్గర మాత్రం ఇద్దరం గంటసేపు వాదించుకున్నాం. మగవాళ్ళు ఆడవేషం కట్టడం మనకి కొత్తేం కాదు, స్థానం నరసింహారావు గారు సత్యభామగా స్టేజీ ఎక్కితే ఆడవాళ్ళే ఆ చీరకట్టూ ఆ నడకా చూసి ఆశ్చర్యపోయేవాళ్ళని పెద్దవాళ్ళు చెప్పేవారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సరేసరి. వాళ్ళు నవ్వించడానికి కట్టలేదు. జబర్దస్త్ 2013లో మొదలయ్యాక లేడీ గెటప్ అనేది స్కిట్‌లో ఒక మామూలు భాగమైపోయింది, అందులో కొందరు నిజంగా చూసి చేస్తారు, కొంగు సర్దుకోవడం దగ్గర్నుంచీ గిన్నె పెట్టే చప్పుడులో కోపం చూపించడం దాకా, అది నాకు చాలా ఇష్టం. కానీ చీర కట్టుకొచ్చి నిలబడగానే నవ్వమంటే నవ్వు ఎందుకొస్తుంది, తర్వాత రెండు దెబ్బలు కొట్టడం, లావు మీద ఒక పంచ్, రంగు మీద ఒక పంచ్. తమ్ముడేమో అది ప్రోగ్రాంలో వారం వారం రాయాల్సిన ఒత్తిడి అక్కా అంటాడు. ఒత్తిడి ఉంటుంది, ఒప్పుకుంటాను, వారపత్రికల్లో కార్టూనిస్టులకీ అదే ఒత్తిడి ఉండేది, అందుకే అప్పడాల కర్ర పట్టుకున్న భార్య బొమ్మ అన్నిసార్లు చూశాం మనం. అదే పత్రికల్లో విశాఖపట్నం నుంచి రాగతి పండరి గారు వేల కార్టూన్లు గీశారు, పోలియోతో నడవలేని మనిషి, ఇంట్లోంచే గీసి పంపేవారు, 2015లో పోయారు. ఆవిడ కార్టూన్లలోనూ మొగుడూ పెళ్ళాల గొడవలుంటాయి, కానీ వంటింటి వైపు నుంచి చూసిన గొడవ వేరుగా ఉంటుంది. ఈ ఎపిసోడ్ ఆవిడతో మొదలుపెట్టాలన్నది నా మాట, స్థానం వారితో మొదలుపెట్టాలన్నది వాడి మాట, నోట్‌బుక్‌లో రెండూ రాసి వదిలేశాం.

పిల్లాడి ప్రశ్న అనే ఎపిసోడ్‌కి ముళ్ళపూడి వెంకటరమణ గారు రాసిన అల్లరి పిల్లాడు బుడుగు తప్ప ఇంకొకటి లేదనుకున్నాం గానీ వెతుకుతుంటే వెనక్కి వెళ్ళింది కథ. న్యాయపతి రాఘవరావు గారు, రేడియో అన్నయ్య, 1945లో మద్రాసు నుంచి బాల అనే పత్రిక పెట్టారు, అందులోనే రమణ గారి మొదటి కథ వచ్చింది, బాపు గారి బొమ్మలూ అందులోనే మొదలు. చూడండి, గొంతుతో పనిచేసే మనిషి పెట్టిన పత్రికలోంచి గీసే మనిషీ రాసే మనిషీ వచ్చారు. పదేళ్ళ తర్వాత ఆంధ్రపత్రికలో బుడుగు వస్తే అది చదువుతుంటే వినబడేది అందుకేనేమో అని నాకనిపిస్తుంది. బుడుగుని మనసులో చదువుకోలేం, పైకి చదవాల్సిందే. మా తెనాలిలో మా పెద్దమ్మ అలాగే చదివేది, వంటింట్లో పప్పు ఏరుకుంటూ ఆవిడా, గడప మీద మేమూ.

కృష్ణశాస్త్రి గారబ్బాయి బుజ్జాయి గారు గీసిన డుంబు అనే బొమ్మల కథ మీద కూడా ఒక ఎపిసోడ్ పెట్టాలని ఉంది, తండ్రి భావకవి, కొడుకు పిల్లల కోసం గళ్ళు గీసి బొమ్మల కథలు చెప్పాడు, ఇది చాలామందికి తెలీదు. పాత సంచికలు దొరికితే చేస్తాం.

యాస ఎపిసోడ్‌కి యూట్యూబ్‌లో వచ్చే మై విలేజ్ షో గంగవ్వ గారు, జగిత్యాల దగ్గర లంబాడిపల్లి. ఆవిడ మాట్లాడేది స్క్రిప్టా కాదా అని తమ్ముడు అడిగాడు, నాకు అది ముఖ్యం కాదు, ఆ మాట ఆ ఊరిదే కదా.

ఒక్క ఎపిసోడ్ మాత్రం ఇంకా తేలలేదు, అసలు మాటలే లేని కార్టూన్ల మీద. కింద వ్యాఖ్య లేదు, బెలూన్ లేదు, బొమ్మ చూసి రెండు సెకన్లకి నవ్వొస్తుంది. ఆ రెండు సెకన్లని ఎలా వినిపించాలి? వివరంగా చెప్తే నవ్వు చచ్చిపోతుంది, చెప్పకపోతే బొమ్మే లేదు. తమ్ముడు మూడు రకాలుగా రికార్డ్ చేశాడు, మొదట బొమ్మలో పక్కనున్నవి చెప్పి నవ్వొచ్చే వస్తువుని చివర్లో చెప్పడం ఒకటి, అదే ముందు చెప్పేసి తర్వాత మిగతావి చెప్పడం ఇంకొకటి, మూడోది వట్టి చప్పుళ్ళతో. ఆ చప్పుళ్ళది విని మరదలు వంటింట్లోంచి నవ్వింది, ఏం బొమ్మో చూపించమని చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. బొమ్మ చూసి "నేననుకున్నది ఇది కాదు" అంది. ఏమనుకుందో అడిగితే చెప్పింది, అది అసలు బొమ్మ కంటే బావుంది, దాన్ని అమ్ములు గీస్తోంది ఇప్పుడు.