కాటా గదిలో తెరుచుకోని పేజీ

మొన్న చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ నుంచి ఫోను. కాటా గదిలో బిల్లింగ్ పేజీ రావడం లేదు, ఆఫీసులో మాత్రం బాగానే వస్తోంది, ఫైర్‌వాల్ పెట్టింది మీరే కదా వచ్చి చూడండి అని. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద ఆ ఎండలో బండేసుకుని వెళ్లేసరికి రాళ్ల లారీలు గేటు బయటదాకా ఆగి ఉన్నాయి.

కాటా కంప్యూటర్ 192.168.20 నెట్‌వర్క్‌లో, సర్వర్ 192.168.10లో, మధ్యలో రాకపోకల్ని కాపలా కాసే ఫైర్‌వాల్. బ్రౌజర్ తిరిగి తిరిగి టైమౌట్ అంటోంది. కనెక్షన్ రెఫ్యూజ్డ్ అని వెంటనే వచ్చుంటే చాలావరకు సర్వర్ దాకా వెళ్లినట్టే, అక్కడ ఆ పోర్టులో, అంటే ఆ ప్రోగ్రాం తలుపు దగ్గర, వినేవాడు లేడని అర్థం. టైమౌట్ అంటే ప్యాకెట్ (పంపిన డేటా ముక్క) దారిలో మాయమైనట్టు, పోయేటప్పుడో, వచ్చేటప్పుడో. ఆ వచ్చేటప్పుడు సంగతి నాకు రెండు గంటలదాకా తట్టలేదు.

రూల్ సరిగ్గానే ఉంది, 8080 పోర్టుకి అలో. లాగ్‌లోనూ అలో అనే పడుతోంది. అయినా అనుమానం తీరక రూల్ చెరిపి మళ్లీ రాశాను, ఎవరైనా ఎక్కడికైనా పోవచ్చనే ఎనీ-ఎనీ రూల్ కూడా పెట్టి చూశాను (సిగ్గుచేటు పనే, అయిదు నిమిషాల్లో తీసేశాలెండి). వెళ్లిన బైట్లు కనపడుతున్నాయి, తిరిగొచ్చినవి సున్నా. కళ్ల ముందే ఉంది, చూడలేదు. కాటా కుర్రాడేమో పావుగంటకోసారి "ఏందన్నా, ఈ పూటకన్నా అవుద్దా?"

చివరికి సర్వర్ మీద, వచ్చీపోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెట్టాను. కాటా నుంచి సిన్, అంటే కనెక్షన్ కావాలని అడిగే మొదటి ప్యాకెట్, వస్తోంది, కాసేపాగి మళ్లీ అదే సిన్. ప్రతిదానికీ సర్వర్ జవాబుగా సిన్-యాక్ పంపుతూనే ఉంది. మరి అది పోతోందెక్కడికి? మ్యాక్ అడ్రసులు (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు నంబర్లు) కూడా చూపించమంటే, సిన్ తెచ్చిన మ్యాక్ ఫైర్‌వాల్‌ది, సిన్-యాక్ పట్టుకుపోయే మ్యాక్ ఇంకెవరిదో. బీరువా మీద మెరుస్తున్న కొత్త ఫైబర్ రౌటర్‌ని తిరగేసి స్టిక్కర్ చూస్తే అదే.

అప్‌డేట్లు తొందరగా దిగుతాయని ఎవరో సర్వర్ గేట్‌వేని, అంటే వేరే నెట్‌వర్క్‌లకి పోయే దారిని, ఆ రౌటర్‌కి మార్చేశారు. ఆఫీసు కంప్యూటర్లది సర్వర్ ఉన్న నెట్‌వర్కే, వాటికి గేట్‌వేతో పనిలేదు, అందుకే అక్కడ ఎవరికీ తెలియలేదు. కాటాకి రావాల్సిన జవాబు మాత్రం దారి తెలియని రౌటర్ చేతిలో పడి పోతోంది.

కాటా నెట్‌వర్క్‌కి దారి ఇటు అని సర్వర్‌లో ఒక్క స్టాటిక్ రూట్ వేసినా పనయ్యేది గానీ, సర్వర్ ఫైర్‌వాల్‌ని పక్కనబెట్టి నేరుగా బయటికి పోవడం నాకు నచ్చక గేట్‌వేనే పాతదైన ఫైర్‌వాల్‌కి మార్చాను. అప్‌డేట్లు నిదానంగా దిగుతాయి, దిగనీ. పేజీ రాగానే కుర్రాడు నా వైపు కూడా చూడకుండా కిటికీలోంచి చెయ్యూపి మొదటి లారీని కాటా ఎక్కించాడు.