బ్యాడ్జ్‌లో బ్యాడ్ ఉంది

"తీసెయ్యి అమ్మా, బ్యాడ్జ్‌లో బ్యాడ్ ఉంది."

కూకట్‌పల్లిలో ఒక మాల్ కింద పార్కింగ్ కోసం మూడో చుట్టు తిరుగుతుంటే వాళ్ల తాతయ్య, "నీకు అక్కడ నీలం కార్డేదో ఉందట కదరా, ఇక్కడా పెట్టరాదూ?" అన్నారు. దానికి మావాడి జవాబు అది. వైకల్యం ఉన్నవాళ్ల కారు పార్కింగ్ కోసం ఇచ్చే ఇంగ్లండ్ బ్లూ బ్యాడ్జ్ ఇండియాలో చెల్లదు నాన్నా అని నేను చెప్పబోయేలోపే అనేశాడు. పదకొండేళ్లు. చదవడంలో తప్పేం లేదు: బి, ఎ, డి. ఆ తర్వాతే జి, ఇ.

వాడు చదివింది బ్యాడ్జ్ ఒక్కటే. దాని వెనకున్న నలభై పేజీల ఫారం, అక్కడి ప్రభుత్వ వైకల్య భత్యం కోసం నింపింది, చదవలేదు. అందులో వాడి గురించి నేను రాసినవి అమ్మమ్మకు కూడా చెప్పలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "ఏం లేదండీ, కాస్త అల్లరి, అంతే" అనేదీ నేనే. ఫారంలో "అనుక్షణం ఒక మనిషి కాపలా ఉండాలి" అని రాసిందీ నేనే. రెండు చోట్లా మనిషి మారలేదు.

సరే, నా సంగతి పక్కన పెడతాను. ఈ ఫారం ముందు కూర్చున్న మనవాళ్లు చాలామంది ఒకేచోట తడబడతారు. అబద్ధం చెప్పి కాదు. చేసే చాకిరీని లెక్కలోకి తీసుకోక.

ఇంగ్లండ్, వేల్స్‌లలో పదహారేళ్లలోపు పిల్లలకు ఇచ్చేది డిసెబిలిటీ లివింగ్ అలవెన్స్, డీఎల్ఏ. స్కాట్లండ్‌లో దాని బదులు చైల్డ్ డిసెబిలిటీ పేమెంట్ ఉంది. డీఎల్ఏలో రెండు భాగాలు. కేర్ అంటే సంరక్షణ. దానికి 2025-26లో వారానికి 29.20, 73.90, 110.40 పౌండ్ల మూడు మెట్లు. మొబిలిటీ అంటే బయట తిరగడానికి సాయం. దానికి ఆ ఏడాదే 29.20, 77.05 రెండు మెట్లు. జీతం ఎంతైనా సంబంధం లేదు, పన్ను కూడా లేదు. "మా ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలు, మాకెందుకిస్తారు" అనుకుని ఊరుకున్నవాళ్లు ఎందరో. రోగం పేరును బట్టి కూడా ఇవ్వరు. ఆటిజం అని రాసిన ఉత్తరం ఉంటే డబ్బు వచ్చేయదు, లేదంటే రాకుండానూ పోదు. వాళ్లు చూసేది ఒక్కటే: అదే వయసు పిల్లలకంటే చాలా ఎక్కువ సాయం కావాలా, అది మూడు నెలలుగా ఉందా, ఇంకో ఆరు నెలలు ఉండేలా ఉందా.

వీసా సంగతి ముందే చూసుకోవాలి. డీఎల్ఏ పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం కిందికి వస్తుంది. బిడ్డ వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ఆ సాయం అడిగే హక్కు లేదు) అని ఉంటే అడగకూడదు. ఇక్కడ హక్కుదారు బిడ్డే, తల్లిదండ్రులు బిడ్డ తరఫున సంతకం పెట్టేవాళ్లు మాత్రమే. కాబట్టి చూడాల్సింది బిడ్డ హోదా. ఆ పైన తల్లికో తండ్రికో వచ్చే కేరర్స్ అలవెన్స్ వేరు, దానికి పెద్దవాళ్ల వీసా చూస్తారు. 2025-26లో వారానికి 83.30 పౌండ్లు. బిడ్డకు కేర్‌లో మధ్య మెట్టో పై మెట్టో వచ్చి ఉండాలి, 35 గంటలు చూసుకుంటూ ఉండాలి, సంపాదన ఆ ఏడాది లెక్కన వారానికి 196 పౌండ్లు దాటకూడదు.

ఫారం నెట్‌లో దించుకోవచ్చు. కానీ ఫోన్ చేసి తెప్పించుకోవడం మేలు. ఫోన్ చేసిన రోజే దరఖాస్తు తేదీ అవుతుంది, ఆరు వారాల్లో నింపి పంపితే ఆ రోజు నుంచీ లెక్క కడతారు. అంతకు ముందు కాలానికి పైసా రాదు. "డిసెబిలిటీ" అనే మాటకు జడిసి ఎన్ని నెలలు కూర్చుంటే అన్ని నెలలూ పోయినట్టే. మధ్య మెట్టు కేర్, కింది మెట్టు మొబిలిటీ కలిపితే 2025-26 రేట్లలో వారానికి 103.10. ఏడాది బింకం ఖరీదు 5,361 పౌండ్లు. నా బింకం ఏడాదికంటే ఎక్కువే సాగింది, ఆ గుణకారం ఇక్కడ చెయ్యను.

ఇక చాకిరీ లెక్క. తొమ్మిదేళ్ల పిల్లాడికి అన్నం కలిపి ముద్దలు పెట్టడం మన ఇళ్లలో ముద్దు. ఫారంలో "తినడానికి సాయం కావాలా" అని అడిగితే మనం నిక్కచ్చిగా "వద్దు" అని రాస్తాం. ముద్దు కోసం పెడితే నిజంగానే లెక్కలోకి రాదు. పెట్టకపోతే రెండు ముద్దలకే లేచి పరిగెత్తి, ఆకలి తెలియక సాయంత్రానికి కుప్పకూలేవాడైతే మాత్రం అది సాయమే. ఎన్నిసార్లు కూర్చోబెట్టాలి, ఎన్ని నిమిషాలు పడుతుంది, ఏవి ముట్టడు, పక్కన లేకపోతే ఏమవుతుంది, ఈ నాలుగూ రాయాలి.

రాత్రి సంగతీ అంతే. పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకునే జాతి మనది. వాడు లేచినప్పుడల్లా చెయ్యి దానంతటదే వీపు మీదికి పోతుంది, పొద్దున్నే "బాగానే నిద్రపోయాడు" అంటాం. వాళ్ల లెక్కలో రాత్రి సాయమంటే ఒకసారి ఇరవై నిమిషాలైనా ఉండాలి, లేదా రెండుసార్లు లేవాలి. లేదా వాడికి ప్రమాదం జరగకుండా మనం చాలాసేపు మేలుకుని కనిపెట్టుకుని ఉండాలి. పగలూ రాత్రీ రెండూ ఉంటేనే కేర్ పై మెట్టు. ఈ పై మెట్టు మళ్లీ మొబిలిటీలో తాళంచెవి అవుతుంది, అందుకే రాత్రి పేజీని నిద్రమత్తులో నింపకూడదు.

మొబిలిటీ అనగానే చక్రాల కుర్చీ అనుకుని ఆ పేజీలు ఖాళీగా వదిలేస్తారు. మావాడు చిరుతలా పరిగెడతాడు, వాడికెందుకు అని. అక్కడే ఉంది కిటుకు. కింది మెట్టు నడవగలిగే పిల్లలకే. అయిదేళ్లు నిండాలి. తెలియని దారిలో ఒక మనిషి వెంట ఉండి దారి చూపడమో కాపలా కాయడమో చెయ్యాలి, అదీ తోటి పిల్లలకంటే చాలా ఎక్కువగా. "రోడ్డు మీద జాగ్రత్త లేదు" అని రాస్తే తిప్పి పంపుతారు. ఏ ఏడేళ్ల పిల్లాడికుంది గనక? పదిసార్లు బయటికెళ్తే ఎన్నిసార్లు చెయ్యి విదిలించుకున్నాడు, దేన్ని చూసి (కుక్క, అంబులెన్సు, బాత్రూమ్‌లో చేతులారబెట్టే మిషను), ఎంత దూరం పోయాడు, పట్టుకోవడానికి ఎంతమంది కావాల్సి వచ్చింది, మళ్లీ మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పట్టింది. అలా రాయాలి.

మొబిలిటీ పై మెట్టుకు ప్రవర్తన దారిలో వెళ్లడం కష్టం. బిడ్డకు మూడేళ్లు నిండినప్పటి నుంచీ అడగొచ్చు. 1991 నాటి డీఎల్ఏ నిబంధనల్లో పన్నెండోది చదివితే మూడు తలుపులు కనిపిస్తాయి, మూడూ దాటాలి. మెదడు ఎదుగుదల ఆగిపోవడం వల్లో పూర్తి కాకపోవడం వల్లో తెలివికీ, నలుగురిలో మెలగడానికీ తీవ్రమైన లోటు ఉండాలి. ప్రవర్తన విపరీతంగా ఉండి, తనకో ఇతరులకో వస్తువులకో హాని జరగకుండా తరచూ ఒకరు పట్టి ఆపాల్సి రావాలి. ఎప్పుడేం చేస్తాడో తెలియక, మేలుకుని ఉన్నంతసేపూ ఒకరు కళ్లప్పగించి చూస్తుండాలి. వీటికి తోడు కేర్ పై మెట్టు వచ్చి ఉండాలి. ఆటిజాన్ని మొదటి తలుపులోంచి రానిస్తారు, ఏడీహెచ్‌డీ (నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం) ఒక్కటే ఉంటే అక్కడే ఆగిపోతుంది చాలావరకు. ఐక్యూ 55 లోపుంటే తెలివి విషయంలో పేచీ ఉండదు. అంతకు మించి ఉంటే కథ ముగిసినట్టు కాదు. ఎక్కాలన్నీ అప్పజెప్పేవాడు మూడో అంతస్తు కిటికీలోంచి కాలు బయట పెడితే, ఆ తెలివి వాడికి అక్కరకొస్తోందా అనేదే ప్రశ్న.

దరఖాస్తులు ఎక్కువగా తన్నేసేది రెండో మూడో తలుపు దగ్గర. అందరూ సూపర్ మార్కెట్ గొడవలే రాస్తారు. ఇంట్లో మాటేమిటని అడుగుతారు అవతలివాళ్లు. ఇంట్లో గంటసేపు ఒక్కడే ట్యాబ్ చూసుకుంటాడని వేరే పేజీలో మనమే రాసి ఉంటాం. ఆ గంట వంటింటి తలుపు తెరిచి ఉంచి, పొయ్యి కట్టేసి, కత్తులు అటక మీద పెట్టి, చెవి అటే వేసి ఉన్న సంగతి రాయం. బడి నుంచీ ఉత్తరం తెప్పిస్తారు. అక్కడ పక్కనే ఒక టీచరు కూర్చోబెట్టి ఉంటే "బాగా కుదురుగా ఉంటాడు" అని వస్తుంది. ఆ టీచరు లేని రోజు ఏమైందో కూడా రాయమని బడివాళ్లను ముందే అడగాలి. కాదన్నారంటే నెలలోపు మళ్లీ చూడమని రాయొచ్చు, అప్పుడూ కాదంటే ఇంకో నెలలోపు ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

మొబిలిటీ పై మెట్టు వస్తే బ్లూ బ్యాడ్జ్‌కు అర్హత దానంతటదే వస్తుంది, అడగడం మాత్రం మనమే అడగాలి. కారు టాక్స్ మాఫీ. కనీసం పన్నెండు నెలల అవార్డు మిగిలి ఉంటే మోటబిలిటీ కారు, అంటే ఆ మొబిలిటీ డబ్బుకు బదులు అద్దెకిచ్చేది. పై మెట్టు లేకపోయినా ఇంగ్లండ్‌లో 2019 ఆగస్టు 30 నుంచీ కంటికి కనబడని వైకల్యాలకూ బ్యాడ్జ్ ఇస్తున్నారు, కౌన్సిల్‌ను ఒప్పించాలి. ఖర్చు పది పౌండ్లకు మించదు, మూడేళ్ల దాకా చెల్లుతుంది. కార్లో వాణ్ణి డ్రైవరు వెనక కాదు, పక్క సీటు వెనక కూర్చోబెట్టండి. తన్నినా జుట్టు లాగినా స్టీరింగ్ పట్టుకున్న మనిషికి తగలకుండా ఉంటుంది.

ఇవన్నీ రాయడానికి డైరీ కావాలి. నేనూ రాశాను. ఒక ఆదివారం ఏ గొడవా లేకుండా గడిచిపోతే, ఇవాళ రాసుకోవడానికి ఏమీ లేదే అని విసుక్కున్నాను. బిడ్డ నవ్వుతూ ఆడుకుంటుంటే విసుక్కున్న తల్లిని ఏ మెట్టులో వేస్తారో.

సెలవులకు ఇండియా వచ్చేవాళ్లకు ఒక మాట. తాత్కాలికంగా దేశం దాటితే డీఎల్ఏ పదమూడు వారాల దాకా ఆగదు, వైద్యం కోసమైతే ఇరవై ఆరు. చెప్పి రావాలి. విమానానికి 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి "డీపీఎన్ఏ" అని చెప్పండి, మేధోపరమైన, ఎదుగుదలకు సంబంధించిన ఇబ్బందులున్న ప్రయాణికుల కోడ్ అది. చక్రాల కుర్చీ తోసుకొస్తే వద్దనొచ్చు, క్యూ తప్పిస్తే చాలు. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ వాడేవాళ్లు డాక్టరు ఉత్తరంతో సెలవులన్నాళ్లకూ సరిపడా తెచ్చుకోండి. ఇక్కడ అది షెడ్యూల్ ఎక్స్ మందు. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి మందుల షాపువాడు అట్టిపెట్టుకుంటాడు. అక్కడి జీపీ (కుటుంబ డాక్టరు) చీటీ చూపిస్తే తల అడ్డంగా ఊపుతాడు.

పూర్తిగా తిరిగొచ్చేసేవాళ్లకు లెక్కలు మారిపోతాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలున్నాయి. ఆటిజం ఉంది, మేధో వైకల్యం ఉంది. ఏడీహెచ్‌డీ పేరు లేదు. ఇక్కడ అడిగేది ఎంత సాయం కావాలని కాదు, ఎంత శాతం అని. కనీసం 40 ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఆటిజాన్ని కొలిచే ఇసా అనే నలభై అంశాల కొలబద్ద పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే, బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్న, మేధో వైకల్యాల జాతీయ సంస్థలో. ఆ శాతాన్ని బట్టి యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు. తెలంగాణ పింఛనును 2023లో నెలకు 4,016 రూపాయలు చేశారు, దానికి ఆదాయ పరిమితి ఉంది. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో వైకల్యం ఉన్న బిడ్డను పోషించేవాళ్లకు 75,000, తీవ్రమైతే 1,25,000 తగ్గింపు ఉన్నా అది ఇక్కడ నివాసి అయినవాళ్లకే, ఎన్ఆర్ఐకి కాదు. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా. తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని మేధో వైకల్యం ఉన్నవాళ్లకు రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్‌లో 75 శాతం రాయితీ, తోడు వచ్చే మనిషికీ అంతే.

బండి ఆపుకోవడానికి మాత్రం ఏ కార్డూ లేదు. ఉన్నా ఎవడు చూస్తాడు అంటారు నాన్న.

అయితే ఇక్కడికొచ్చి మూడు వారాలైంది, వాడు బాగానే ఉన్నాడని అమ్మ పట్టు. "నువ్వే అక్కడ పేర్లు పెట్టించావు, మీ తమ్ముడూ చిన్నప్పుడు ఇంతే" అంటుంది. నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. తర్వాత ఊరికే వేళ్లు మడిచాను. గేటు దగ్గర వాచ్‌మన్. మెట్ల మీద పక్కింటి ఆంటీ. పడక పక్కన అమ్మమ్మ. రోడ్డు మీద తాతయ్య మణికట్టు పట్టు. సందు చివర బోనాల డప్పు మోగగానే చెవులు మూసి లోపలికి ఎత్తుకుపోయే మా తమ్ముడు. ఫారంలో ఒక్క మనిషి పని అని నేను రాసింది ఇక్కడ అయిదుగురు పంచుకున్నారు, ఎవరూ దాన్ని పని అనుకోవడం లేదు. వాడు మారలేదని దీన్ని బట్టి నేను తేల్చాలా, లేక వాడికి కావాల్సింది ఇదేనని తేల్చాలా? అలాగైతే రెండు పై మెట్లూ కలిపి వారానికి 187 పౌండ్ల 45 పెన్నీల కోసం నేను అక్కడెందుకు ఉన్నట్టు? ఉద్యోగం కోసం, బడి కోసం అని నాకు నేనే జవాబు చెప్పుకుంటాను. అమ్మకు డెబ్బై రెండేళ్లు అని కూడా.

పదహారు నిండాక డీఎల్ఏ బదులు పిప్, అంటే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ అడగాలి. పెద్దవాళ్ల ఫారం, వాడి పేరు మీదే. "ప్రయాణం ప్లాన్ చేసుకోవడం, దారి పట్టుకుని పోవడం" అని ఒక ప్రశ్న, తెలియని దారికి మనిషి తోడు కావాలంటే పది పాయింట్లు, తెలిసిన దారికే కావాలంటే పన్నెండు. అప్పటికి వాడు ఆ పేజీలన్నీ చదవగలడు. పాత ఫారం నకళ్లు దాచుకోండి, రెన్యువల్‌కు పనికొస్తాయి అని నేనే అందరికీ చెబుతుంటాను. మావి బీరువాలో పై అరలో, తాళం వేసి ఉన్నాయి.

బ్యాడ్జ్ గడువు అక్టోబరుతో అయిపోతోంది. కొత్తదానికి ఫొటో కావాలి, వెనకవైపు అచ్చేస్తారు. నిన్న తెల్ల దుప్పటి ముందు నిలబెడితే మొహం తిప్పేసుకున్నాడు. "బ్యాడ్ ముందు గుడ్ అని రాయిద్దాంరా" అని తాతయ్య జోకు వేశారు. నవ్వలేదు. ఫొటో ఇంకా తియ్యలేదు.