పై పొరలో తేలిన కొవ్వు

ఈరోజు ల్యాబ్ నుంచి తలనొప్పి లేకుండా ఇంటికొచ్చాను. రెండేళ్ళుగా పగడాల్లోంచి కొవ్వు తీసిన రోజల్లా సాయంత్రానికి తల దిమ్మెక్కేది. క్లోరోఫాం వాసన చున్నీకి పట్టేసి బరంపురం బస్సులో కూడా వెంట వచ్చేది.

1957 నుంచీ వాడుతున్న పద్ధతి అది. రెండు వంతుల క్లోరోఫాం, ఒక వంతు మిథనాల్. కొవ్వును బాగా లాగుతుంది, కాదనను. కానీ క్లోరోఫాం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్ అనుమానమూ ఉంది. వెలుతురు, గాలి తగిలితే అందులో ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మేం వేసుకునే పల్చటి నైట్రైల్ గ్లౌజుల్లోంచి క్లోరోఫాం నిమిషాల్లో చర్మానికి చేరిపోతుంది. గాజుసామాను కడిగే మౌసా (ఒడియాలో బాబాయి, అందరం అలాగే పిలుస్తాం) ఆ గ్లౌజులు కూడా లేకుండానే పని చేస్తాడు. ఆవిర్లని బయటికి లాగే హుడ్ ఫ్యాన్ దసరా నుంచీ పోయిన వారం దాకా పాడై ఉంది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టలేదు. చాలా కోపం వచ్చింది.

పోయిన వారం ఫ్యాన్ బాగయ్యాకే కొత్త పద్ధతి మొదలుపెట్టాను. 2008లో వచ్చింది. క్లోరోఫాం బదులు ఎంటీబీఈ అనే ఈథర్. పగడం పొడిలో మిథనాల్, ఈథర్ పోసి గంటసేపు ఊపి, కాసిన్ని నీళ్ళు కలిపితే పొరలు విడిపోతాయి. క్లోరోఫాం నీటికన్నా బరువు కాబట్టి కొవ్వు అడుగున చేరేది, మధ్యలో తెల్లగా పేరుకున్న ప్రోటీన్‌ని పొడుచుకుంటూ పిపెట్ దించాలి. ఈథర్ తేలిక. కొవ్వంతా పైకే వచ్చింది! హాయిగా తీసుకున్నాను. తూకం పోయిన నెల లెక్కకి దగ్గరగానే ఉంది, ఇంకో మూడుసార్లు చేస్తే గానీ నమ్మను. ఇదీ అమృతమేం కాదు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. హుడ్ లేకుండా దీన్నీ ముట్టుకోకూడదు.

అమ్మ అప్పడాలు ఒత్తుతూ, "పగడానికి కొవ్వేంటే, దాన్ని కొలవడమేంటే?" అంది. గాదెలో వడ్లు చూసుకోవడం లాంటిదే అమ్మా అన్నాను. పగడం ఒంట్లో కాపురముండే నాచు ఎండలో వండి పెడుతుంది. మిగిలింది పగడం కొవ్వుగా దాచుకుంటుంది. సముద్రం వేడెక్కితే నాచు వెళ్ళిపోయి పగడం తెల్లబడుతుంది. అప్పుడు ఆ నిల్వ మీదే ఈదాలి. నిల్వ ఎంతుందో తెలిస్తే ఎన్నాళ్ళు తట్టుకుంటుందో అంచనా వేయొచ్చు. "పాపం" అంది అమ్మ.

మా ఒడిశా గోపాల్‌పూర్ ఒడ్డున పగడపు దిబ్బలు లేవు. అనుమతులతో తమిళనాడు వైపు నుంచి వచ్చే గోరంత ముక్కలే మాకు దిక్కు. ఒక్కటి పాడైనా ప్రాణం ఉసూరుమంటుంది.

సాయంత్రం వ్యర్థాల సీసా మీద ఒడియాలో పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. మౌసా చదివి తల ఊపాడు. రేపు ఆయనకి గ్లౌజులు కొనాలి, ల్యాబ్‌లో ఉన్నవన్నీ నా చేతి సైజువే.