మెసోథీలియోమా: నాన్న, నేను, ఒక నోట్‌బుక్

మెట్లెక్కితే ఆయాసంగా ఉందన్నారు నాన్న. వయసు వల్లేమో అనుకున్నాం. ఎక్స్‌రే తీస్తే ఛాతీలో కుడివైపు సగం దాకా తెల్లగా ఉంది, నీరు చేరింది. లీటరున్నర తీశారు. ఆ రాత్రి ఆయన హాయిగా పడుకుంటే గండం గడిచిందనుకున్నాం. మూడు వారాలకి మళ్లీ అదే ఆయాసం.

ఆ నీటిని రెండుసార్లు పరీక్షకి పంపితే రెండుసార్లూ క్యాన్సర్ కణాలు లేవనే వచ్చింది. టీబీ కావచ్చన్నారు. ఆ అనుమానంతోనే రెండు నెలలు పోయాయి. ఇది మెసోథీలియోమా, అంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే ప్లూరా పొరకి వచ్చే క్యాన్సర్ కావచ్చనీ, దీన్ని నీటి పరీక్ష చాలాసార్లు పట్టుకోలేదనీ, ఆ పొర నుంచి ముక్క తీసి చూడాలనీ రెండో డాక్టరుగారు చెప్పేదాకా మాకు తెలియదు. పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, కెమెరా పంపి ముక్క తీశారు.

రిపోర్టు చేతికిచ్చే ముందు ఆయన అడిగిందొక్కటే: "ఎప్పుడైనా ఆస్‌బెస్టాస్‌తో పని చేశారా?" నాన్న కుర్రతనంలో నాలుగేళ్లు బాయిలర్ పైపులకి ఆ పట్టీలు చుట్టే పని చేశారు. నలభై ఏళ్ల కిందటి మాట. ఆ సన్నటి పోగులు ఒంట్లో ఉండిపోయి, ఇరవై నుంచి యాభై ఏళ్ల తర్వాత కూడా జబ్బుగా బయటపడతాయట. "నేను సిగరెట్లు మానేసి పాతికేళ్లయిందండీ" అని నాన్న వాదించబోయారు. దీనికీ సిగరెట్‌కీ సంబంధం లేదన్నారు డాక్టరుగారు. అంత కష్టపడి మానేసింది దీనికి పనికిరాలేదని నాన్నకి కాస్త బాధ కూడా కలిగింది.

ఆ రాత్రి నేను ఫోన్ పట్టుకుని కూర్చోవడమే తప్పు. 2003లో వచ్చిన అధ్యయనంలో పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు కలిపి ఇచ్చినవాళ్లు బతికిన కాలానికి మీడియన్, అంటే సగం మంది దాటిన గడువు, 12.1 నెలలు, సిస్‌ప్లాటిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లకి 9.3. నాకు మాత్రం "ఏడాది" అనే కనిపించింది. మర్నాడు డాక్టరుగారు కాగితం మీద అడ్డంగా గీత గీసి, మధ్యలో చుక్క పెట్టి, "సగం మంది ఈ చుక్క దాటాక కూడా ఉన్నారమ్మా" అన్నారు. తర్వాత రిపోర్టులో ఒక పదం కింద గీత గీశారు: ఎపిథీలియాయిడ్. మూడు రకాల్లో కొంచెం నెమ్మదైనది ఇదే. సార్కోమటాయిడ్ అయితే మొండిది, రెండూ కలిసిందీ ఒకటుంది. రకం తెలియకుండా నెలలు లెక్కపెట్టకూడదని నాకప్పుడర్థమైంది.

ఆపరేషన్ చేయించాల్సిందేనని నేను పట్టుబట్టాను. కోసి తీసేస్తే పోతుందనే కదా ఎవరైనా అనుకునేది. డాక్టరుగారు బ్రిటన్‌లో చేసిన మార్స్ 2 అధ్యయనం సంగతి చెప్పారు. కీమోతో పాటు పెద్ద ఆపరేషన్ కూడా చేయించుకున్నవాళ్లకి మీడియన్ 19.3 నెలలు, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లకి 24.8. ఇంక నోరెత్తలేదు.

ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ గురించి కూడా అడిగాం. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే ఆ మందుల జంటతో మీడియన్ 18.1 నెలలు, కీమోతో 14.1 అని 2021లో ప్రచురించారు. ఆ తేడా ఎక్కువగా ఎపిథీలియాయిడ్ కాని రకాల్లోనే కనిపించింది, 18.1కి 8.8. మా రకంలో 18.7కి 16.5. పైగా నాన్నకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది, అంటే రోగనిరోధక శక్తి సొంత కీళ్ల మీదే పడే జబ్బు, ఆ మందులతో అది రేగొచ్చు. చివరికి కీమోకే ఒప్పుకున్నాం. బాయిలర్ల హోరుకి చెవులు అప్పటికే దెబ్బతిన్నాయి కాబట్టి వినికిడిని దెబ్బతీసే సిస్‌ప్లాటిన్ బదులు, పెమెట్రెక్సెడ్‌తో పాటు కార్బోప్లాటిన్ ఇస్తామన్నారు.

మొదటి డోసు రోజు టిఫిన్ కూడా మానేసి వెళ్తే వెనక్కి పంపేశారు. వారం ముందునుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకోవాలి, బీ12 ఇంజెక్షన్ చేయించుకోవాలి. ఆ చీటీ మాకెవరూ ఇవ్వలేదు. అవి లేకుండా పెమెట్రెక్సెడ్ ఎక్కిస్తే రక్తకణాలు బాగా పడిపోతాయట. వారం వాయిదా. అప్పుడొచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. మోకాళ్లకి వేసుకునే నొప్పి మాత్రల గురించి కూడా మేం అడిగితేనే ఆపమన్నారు. మూడు వారాలకోసారి చొప్పున ఆరు డోసులు నడిచాయి. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రల రోజుల్లో నాన్నకి నిద్రపట్టక అర్ధరాత్రి అల్మరాలు సర్దేవారు.

అన్నిటికంటే నాన్నకి ఊరటనిచ్చింది మాత్రం కీమో కాదు, నీరు బయటికి తీయడానికి ఛాతీ పక్కన పెట్టిన సన్నటి గొట్టం. దానివల్ల నీరు తీయించుకోవడానికి ప్రతిసారీ ఆసుపత్రికి పరుగెత్తే పని తప్పింది. చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, సీసా తగిలించి క్లిప్ వదిలితే తేనెరంగు నీరు జరజరా దిగుతుంది. చివర్లో నాన్నకి పొడి దగ్గొస్తుంది. ఊపిరితిత్తి విచ్చుకుంటోందని నర్సమ్మ చెప్పింది. దగ్గు మొదలవగానే నేను క్లిప్ బిగిస్తాను, నాన్న నోట్‌బుక్‌లో రాస్తారు: తేదీ, ఎన్ని మిల్లీలీటర్లు.

పన్నెండో నెల దాటిన రోజు ఆ పేజీ పక్కనే "ఇప్పుడు నేను చుక్కకి ఇవతలా అవతలా?" అని రాసి నాకు చూపించారు. ఇది పదహారో నెల. మొదట్లో 600 వచ్చేది, నిన్న 150 వచ్చింది. పోయినసారి స్కాన్‌లో పొర ఒకచోట కాస్త మందమైంది. అది ఇంకా పెరిగితే ఆర్థరైటిస్ డాక్టర్ని కూడా కూర్చోబెట్టి ఇమ్యునోథెరపీ మాట మళ్లీ ఎత్తుతామన్నారు. స్కాన్ బుధవారం. నోట్‌బుక్ కూడా తీసుకెళ్దామంటున్నారు నాన్న.