మజ్రాలో పాత హైలక్స్: ఇంజిన్ వేడెక్కితే ముందు ఏం చూడాలి

ఎండాకాలంలో అల్ ఖర్జ్ వైపు 45 డిగ్రీలు దాటడం మామూలే. సౌదీ రాజధాని రియాద్‌కు దక్షిణాన దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ప్రాంతమంతా ఖర్జూర తోటలు, గడ్డి మడులు, పాల ఫారాలు. ఇక్కడి మజ్రాల్లో (తోటలు, ఫారాల్లో) పనికి వచ్చిన మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్ల చేతికి తరచుగా వచ్చేది పాత టొయోటా హైలక్స్ పికప్ తాళమే. గడ్డి కట్టలు, మేకలు, నీళ్ల డ్రమ్ములు, బోరు మోటార్లు అన్నీ దాని మీదే పోతాయి. మిట్టమధ్యాహ్నం ఎడారి రోడ్డు మీద బండి ఆగితే డ్రైవర్ ప్రాణం మీదికే రావచ్చు. అందుకే మెకానిక్ కాకపోయినా ప్రతి డ్రైవర్‌కూ బండి రోగం కొంత తెలియాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ దేశంలో పాత పికప్‌కు పెద్ద రోగం వేడెక్కడం. టెంపరేచర్ ముల్లు పైకి లేవగానే చాలామంది సనయ్యకు (బండ్ల వర్క్‌షాపులుండే ఏరియాకు) పరిగెత్తుతారు. అక్కడ కొందరు బండి చూడకుండానే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాలి" అనేస్తారు. ఇంజిన్ బ్లాక్‌కూ దాని పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలే ఈ హెడ్ గ్యాస్కెట్. పక్క మజ్రాలో మెట్‌పల్లి తమ్ముడు ఒకడికి ఇదే జరిగింది. ఖర్చు సగం నీ జీతంలోంచే అని కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) అన్నాడట. రాత్రి ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. నేను ఒకటే అడిగాను: "తమ్మీ, ముల్లు ఎప్పుడు లేస్తుంది? రోడ్డు మీద పోతుంటేనా, మండీలో ఏసీ వేసుకుని ఆగి ఉంటేనా?" ఆగినప్పుడే లేస్తుంది, రోడ్డెక్కితే దిగుతుంది అన్నాడు.

ఆ ఒక్క జవాబుతో సగం తేలిపోయింది. బండి పరుగులో ఉంటే గాలి దానంతట అదే రేడియేటర్‌కు తగులుతుంది. ఆగినప్పుడు మాత్రం ఫ్యానే గాలి లాగాలి. అంటే లోపం గాలి వైపు ఉంది. అలా కాకుండా, ఆగినప్పుడు బాగుండి స్పీడులో, లోడు మీద వేడెక్కితే నీళ్లు సరిగా తిరగడం లేదని అనుమానించాలి: రేడియేటర్ లోపల పూడుకుపోవడం, వాటర్ పంపు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్లకు దారి తెరిచే వాల్వు).

హైలక్స్ 2.7 పెట్రోల్ ఇంజిన్‌కు ఫ్యాన్ నేరుగా బిగించి ఉండదు. మధ్యలో సిలికాన్ నూనె ఉన్న క్లచ్ ఉంటుంది. వేడి పెరిగే కొద్దీ అది ఫ్యాన్‌ను గట్టిగా పట్టుకోవాలి. ఆ నూనె కారిపోతే ఇంజిన్ తిరుగుతున్నా ఫ్యాన్ సోమరిగా తిరుగుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, తాళం జేబులో పెట్టుకుని, ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూడాలి. కొంచెం బిగువుగా తిరిగి ఆగిపోతే మంచిదే. అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగితే క్లచ్ పోయినట్టే. తమ్ముడి బండిలో పోయింది అదే. పైగా ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో గడ్డి పొట్టు, పురుగులు, ఇసుక పరుపులా పేరుకున్నాయి. క్లచ్ మార్చి, ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టి ఆ చెత్త కడిగేసరికి ముల్లు మధ్యలో నిలబడింది. హెడ్ విప్పే అవసరమే రాలేదు.

హెడ్ గ్యాస్కెట్ నిజంగా పోతే గుర్తులుంటాయి. చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తాయి. ఆయిల్ మూత కింద పాలు కలిసినట్టు తెల్లగా కనబడవచ్చు. ఎక్కడా కారకుండానే కూలెంట్ (రేడియేటర్‌లో పోసే ద్రవం) తగ్గిపోతుంటుంది. వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగదు. ఇవేవీ లేకుండా ఇంజిన్ విప్పుతామంటే ఒప్పుకోవద్దు. పొగ నీలంగా ఉంటే మాత్రం ఆయిల్ కాలుతోందని, నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోందని అర్థం.

వేడి మీద రేడియేటర్ మూత ఎవరూ తిప్పొద్దు. ఆ మూత ఒత్తిడిని పట్టి ఉంచడం వల్లే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతుంది. మూత వదులు చేయగానే ఒత్తిడి పోయి, ప్రెషర్ కుక్కర్ మూత లేచినట్టు మరిగే నీళ్లు మొహం మీదికి ఎగుస్తాయి. మా క్యాంపులో ఒకతను మెడ, ఛాతీ కాల్చుకుని నెలల తరబడి పనికి పోలేకపోయాడు. అతని అవస్థ చూశాక ఈ మాట ప్రతి కొత్త డ్రైవర్‌కూ చెబుతున్నాను. బండి నీడకు తీసి, బానెట్ ఎత్తి, పైన గొట్టం చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. ఎవరు తొందరపెట్టినా సరే.

మజ్రా బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయడం ఇంకో చెడ్డ అలవాటు. ఈ ఉప్పు నీళ్లకు లోపల గొట్టాల్లో సున్నం పేరుకుని దారి మూసుకుపోతుంది. రెడీమేడ్ కూలెంట్ డబ్బా బండిలో ఉంచుకోవాలి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకి పారేసే వాళ్లూ ఉన్నారు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాక పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. అనుమానముంటే విప్పి గిన్నెలో నీళ్లు కాచి అందులో వేయండి. 80 డిగ్రీలు దాటాక నోరు తెరవాలి. తెరవకపోతే కొత్తది వేయాలి, అంతే.

స్టార్టింగ్ విషయానికొస్తే, ఇక్కడ వేడి బ్యాటరీలను తినేస్తుంది. చిన్న మీటర్ ఒకటి కొనుక్కుంటే చాలు. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. స్టార్ట్ అయ్యాక 14కు అటూ ఇటూ రావాలి. రాకపోతే బ్యాటరీ మార్చి లాభం లేదు, డైనమో చూడాలి. బ్యాటరీ బాగుండి, లైట్లు తగ్గకుండా, తాళం తిప్పితే "టక్" అని ఊరుకుంటే సెల్ఫ్ (స్టార్టర్ మోటార్) లోపలి రాగి ముక్కలు అరిగి ఉండవచ్చు. పాత టొయోటాల్లో ఇది ఎప్పుడూ ఉండేదే. మొత్తం సెల్ఫ్ మార్చనక్కర్లేదు, ఆ ముక్కలు విడిగా దొరుకుతాయి.

గేరు వేసి కదిలించగానే కింద "ఠంగ్" మంటే జాయింట్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు పోయే పొడవాటి షాఫ్ట్) క్రాస్ చూడాలి. షాఫ్ట్‌కు గ్రీజు నిపుల్ ఉంటే ఇసుకలో తిరిగే బండికి తరచూ గ్రీజు కొట్టాలి. ఎయిర్ ఫిల్టర్‌కు గాలి కొట్టేటప్పుడు లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. తిరగేసి కొడితే దుమ్ము ఇంకా లోతుకు దిగుతుంది. ఇసుక తుఫాను తర్వాతైతే ఫిల్టర్ చూడకుండా బండి తీయొద్దు.

సామాను సంగతి. గాజు, తలుపు, బంపర్, హౌసింగ్ లాంటివి తష్లీహ్‌లో (పాత బండ్లు విప్పి సామాను అమ్మే చోట) పాతవి తెచ్చుకోవచ్చు. బ్రేకు, స్టీరింగు, బాల్ జాయింట్ సామాను మాత్రం పాతది వద్దు, కొత్తదైనా చవక తిజారీ (ఒరిజినల్ కానిది) వద్దు. ఫహస్‌లో (బండి ఫిట్‌నెస్ తనిఖీలో) కూడా బ్రేకులు, స్టీరింగు గట్టిగా చూస్తారు.

రిపేరుకు ముందే లోపం వీడియో తీసి కఫీల్‌కు వాట్సాప్‌లో పంపండి. ఎంత అవుతుందో సనయ్యలో అడిగి వాయిస్ పెట్టండి. సరే అన్నాకే పని మొదలుపెట్టించండి. తీసిన పాత సామాను, బిల్లు తెచ్చి చూపించండి. బిల్లు ఫొటోలన్నీ ఫోన్‌లో ఉంచుకోండి. జీతంలో కోత పెడతానన్న రోజు మీ చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి. మెట్‌పల్లి తమ్ముడు పాత ఫ్యాన్ క్లచ్ తీసుకెళ్లి కఫీల్ ముందు పెట్టి, చేత్తో తిప్పి చూపించాడు. ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చారు.