ఇంకని ఇంకుడు గుంత: మా దొడ్లో మురుగు నీళ్లతో నా అనుభవం

మాది రాజోలు దగ్గర ఒక ఊరు. ఇంటికి అటు పంట కాలవ, ఇటు మురుగు నీళ్లు పోయే కోడు, మధ్యలో 5 సెంట్ల స్థలం, రెండు కొబ్బరి చెట్లు, నాలుగు అరటి పిలకలు. నేను స్కూల్లో టీచర్ని, ఇంజనీర్ని కాదు, ఇదంతా రెండు సార్లు డబ్బులు తగలేశాక నేర్చుకున్నదే.

2022 జులైలో పెద్ద గోదారి వచ్చింది కదా, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక పెట్టి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మా దొడ్లో మోకాల్లోతు నీళ్లు నిలిచాయి. అరుగు మూడడుగుల ఎత్తు కాబట్టి ఇంట్లోకి రాలేదు గానీ లెట్రిన్ గొయ్యి పైకి తన్నింది. సెప్టిక్ ట్యాంకు అని మేం గొప్పగా చెప్పుకునేది అడుగు లేని సిమెంటు ఒరలు, ఒకదాని మీద ఒకటి ఆరు ఒరలు దింపి పైన మూత వేసిందే. ఆ నాలుగు రోజులు ఏం తేలిందో ఎక్కడ తేలిందో రాయను, భోజనాలు చేసే టైముకి చదువుతారేమో.

నీళ్లు తీశాక ఊళ్లో నీళ్లు టెస్టు చేసే ట్రైనింగు తీసుకున్న ఒకావిడ, మా స్కూలు పిల్లాడి తల్లే, ఒక చిన్న సీసా ఇచ్చింది. అందులో బోరింగు నీళ్లు గీత దాకా పోసి వెచ్చగా ఉండే చోట పెట్టాలి, మలం తాలూకు బ్యాక్టీరియా ఉంటే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. నేను బియ్యం డబ్బా పక్కన పెట్టాను. మర్నాడు పొద్దున్నే చూస్తే డికాక్షన్ లాగ ఉంది. తాగడానికి క్యాన్ నీళ్లే కొనుక్కుంటాం లెండి, కానీ బియ్యం కడిగేది, పళ్లు తోముకునేది ఆ బోరింగు నీళ్లతోనే. గొయ్యికీ బోరింగుకీ టేపు పెట్టి కొలిస్తే 30 అడుగులు. మురుగు నేలలోకి ఇంకే గుంతకీ తాగే నీళ్లకీ మధ్య 18 మీటర్లు ఉండాలని రూలు, అంటే దాదాపు 60 అడుగులు, 5 సెంట్లలో 60 అడుగులు ఎక్కడ తేవాలి చెప్పండి!

మొదట చేసింది అందరూ చెప్పే ఇంకుడు గుంత. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు అందులోకి వదిలితే సరిపోతుందన్నారు, 2023 సంక్రాంతి సెలవుల్లో నాలుగడుగుల గొయ్యి తీయించి ఇటుక ముక్కలు, కంకర, పైన ఇసుక వేయించాం. పండగ వెళ్లేదాకా బాగానే ఉంది, ఆ తర్వాత నిండిపోయింది. నిండిపోయి అలాగే ఉంది. మాది బంకమట్టి, దానికితోడు దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, కాలవ నిండా నీళ్లు వదిలితే మా దొడ్లో మూడడుగులకే ఊట వచ్చేస్తుంది, అంటే గుంతలో అడుగు భాగం ముందే నీళ్లలో ఉంది. ఇంకడానికి నేలలో చోటుంటే కదా ఇంకేది. మెట్ట ఊళ్లో పనిచేసే సంగతి మా డెల్టాలో పనిచెయ్యదని అప్పుడు బుర్రకెక్కింది. ఒకవేళ ఇంకినా ఆ నీళ్లు పోయేది బోరింగులోకే.

సరే, లెట్రిన్‌కైనా అడుగున్న ట్యాంకు పెడదామని ఆ ఏడాది కార్తీక మాసంలో మా ఆయన ప్లాస్టిక్ సెప్టిక్ ట్యాంకు తెచ్చారు. మేస్త్రీ గారు "ఆయ్, మీ ఇష్టమండి, కానీ ఈ రోజుల్లో తవ్వితే నీళ్లే కదండీ" అన్నాడు, మేం వినలేదు. ఇంజను పెట్టి నీళ్లు తోడుతూ గొయ్యి తీసి, ట్యాంకు దింపి, చుట్టూ సగం దాకా ఇసుక పోసి, చీకటి పడింది రేపు పైపులు కలుపుదాం అని వెళ్లిపోయారు. తెల్లారి అత్తయ్యగారు దొడ్లోకి వెళ్లి "ఒసేయ్, ట్యాంకు లేచి కూర్చుందే!" అని కేకేశారు. నిజంగానే లేచి కూర్చుంది. ఊట నీళ్లు ఖాళీ ట్యాంకుని పడవలాగ పైకి లేపేశాయి, ఒక పక్కకి ఒరిగి, పైపు పెట్టే మూతి దగ్గర చీలిక. ఖాళీగా ఉంచకూడదట, ఇసుక పోస్తున్నకొద్దీ లోపల కూడా నీళ్లు నింపుతూ రావాలట. ఆ రాత్రి ట్యాంకులో నీళ్లు నింపి ఉంటే ఆ బరువుకి ఆగేదేమో. సగం రేటుకి అమ్ముకున్నాం.

ఇక 2024 ఏప్రిల్లో కాలవలు కట్టేసేదాకా, అంటే పంట కాలవలకి నీళ్లు ఆపేదాకా, ముట్టుకోలేదు. కాలవలు కట్టేస్తే ఊట దిగుతుంది, మేస్త్రీలు కూడా కాస్త ఖాళీగా దొరుకుతారు. ఈసారి లెక్క వేరు, కిందికి తవ్వడం మానేసి పైకి కట్టాం. అరుగు ఎత్తు మూడడుగులు ఉంది కాబట్టి లెట్రిన్, బాత్రూం, వంటిల్లు మూడింటి నీళ్లూ మోటారు లేకుండా వాలు మీదే వస్తాయి. ఇన్నాళ్లూ ఆ ఎత్తునంతా నీళ్లని గోతిలో పడెయ్యడానికి వాడుకున్నాం అనుకుంటే నవ్వొచ్చింది.

లెట్రిన్‌ది మూడు గదుల ఇటుక ట్యాంకు, సగం నేలలో సగం పైన, లోపలా బయటా ప్లాస్టరింగు, అడుగు కాంక్రీటు. ఒక మాట చెప్పాలి, ట్యాంకులోంచి వచ్చే నీళ్లు శుభ్రమైపోయినట్టు మనవాళ్లు అనుకుంటారు, అది తప్పు. ట్యాంకులో మడ్డి అడుక్కి దిగుతుంది, కొంత కుళ్లి గ్యాసై పోతుంది, అంతే, బయటికొచ్చే నీళ్లలో రోగాలన్నీ ఉంటాయి. మా ఊళ్లో సగం ఇళ్లవి ఆ పైపు సరాసరి కోడులోకే.

అందుకే ట్యాంకు తర్వాత కంకర మడి కట్టించాం. 14 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, లోపల 2 అడుగుల లోతు, నీళ్లు కారకుండా సిమెంటు తొట్టి. మా ఇంట్లో ఐదుగురం, మేడ మీద 500 లీటర్ల ట్యాంకు రోజుకోసారి నింపుతాం, మొక్కలకి పోగా 400 లీటర్లు మురుగవుతుందని వేసుకున్నా. తొట్టిలో కంకర పోశాక రాళ్ల సందుల్లో నిలిచేది దాదాపు 1400 లీటర్లు, అంటే ఇవాళ వచ్చిన నీళ్లు బయటికి పోయేసరికి మూడున్నర రోజులు. ఆ మూడున్నర రోజులూ రాళ్లకి పట్టిన పాకుడులో ఉండే సూక్ష్మజీవులు మురికిని తింటాయి, మొక్కల వేళ్లు గాలి అందిస్తాయి. నీళ్లు వచ్చే చివర, పోయే చివర 40 ఎంఎం రాళ్లు, మధ్యలో 20 ఎంఎం. మా దగ్గర తవ్వితే రాయెక్కడ దొరుకుతుంది, కంకర లారీ మీద రావాల్సిందే, అందులోనే ఎక్కువ ఖర్చు. కంకర కడిగి పొయ్యమని పనివాళ్ల వెంటపడ్డాను, బూడిదలాంటి ఆ దుమ్ము అలాగే పోతే సందులు మూసుకుపోతాయి. నీళ్లు ఎప్పుడూ కంకర పై మట్టానికి మూడంగుళాలు కిందే ఉంటాయి, పైకి కనపడవు కాబట్టి దోమలు లేవు.

మొక్కలకి మేస్త్రీ గారు కోడు గట్టున జమ్ము పీకుదామన్నాడు, అది పాకితే ఆపలేమని నేను స్కూల్లోంచి మెట్టతామర దుంపలు తెచ్చాను. పచ్చని చెట్టు లేనప్పుడు అత్తయ్యగారు దాన్ని చూసి "పెరట్లో సమాధి కట్టించావేంటే" అని పది మందికీ చెప్పారు. రెండు నెలల్లో ఎర్రపూలు వచ్చాక నోరు మెదపలేదు.

అత్తయ్యగారితో అసలు గొడవ గిన్నెల దగ్గర. ఆవిడ బోరింగు పక్కన నేలమీద పీట వేసుకుని తోముతారు, ఆ నీళ్లు మడిలోకి ఎక్కవు. చివరికి నడుమెత్తు గట్టు కట్టించి, పైన సింకు పెట్టించి పైపు కలిపాం. నిలబడి తోమడం ఏం ఖర్మ అని వారం గొణిగారు, ఇప్పుడు మోకాళ్ల నొప్పులు తగ్గాయని ఆవిడే అంటున్నారు.

వంటింటి నీళ్లకి ముందు ఒక జిడ్డు తొట్టి ఉంది, రెండు అరలు, నూనె పైకి తేలుతుంది, పైపు అడుగు నుంచి నీళ్లు తీసుకెళ్తుంది. సిద్ధాంతం బాగుంది. మూడో వారానికి వంటింట్లో నీళ్లు వెనక్కి తన్నాయి. చెయ్యి పెట్టి చూస్తే ఆదివారం చేపల పొలుసు, దానికి గంజి పట్టి, మైనం ముద్దలాగ గుప్పెడంత, పైన నూనె పొర, వాసన మాటల్లో చెప్పలేను. ఇదివరకు గంజీ కడుగునీళ్లూ కుడితి తొట్టిలోకి వెళ్లేవి, గేదె తాగేసేది, గేదె పోయాక అవి కాలవ పాలయ్యాయి. ఇప్పుడు గంజి పక్కింటి గేదెకి పంపుతున్నాను, చేపలు అరటి చెట్టు మొదట్లో పళ్లెం పెట్టుకుని కడుగుతాం, సింకు కింద జాలీ పెట్టాం. జిడ్డు తొట్టి వారానికోసారి నేనే తీస్తాను. మా ఆయన తీస్తానన్నారు, రెండు వారాలు తీశారు కూడా.

అన్నీ కలిపి 58 వేలు, ఇంకుడు గుంత, తేలిన ట్యాంకు నష్టం కాకుండా. ట్యాంకు మడ్డి రెండు మూడేళ్లకి తీయించాలి, అది వేరే. మడిలోంచి వచ్చే నీళ్లు గ్లాసులో పడితే దాదాపు తేటగా ఉన్నాయి, కంపు లేదు. కొబ్బరికీ అరటికీ మొదట్లోకే వదులుతాం, తోటకూర మళ్లకి మాత్రం పోనివ్వను, ఎందుకంటే ఆ నీళ్లని కూడా సీసాలో పట్టి చూశాను, నల్లబడింది. ఒక పూట ఆలస్యంగా. కంటికి తేట వేరు, టెస్టుకి తేట వేరు.

రెండు వానాకాలాలు అయ్యాయి, లెట్రిన్ ఒక్కసారి కూడా వెనక్కి తన్నలేదు. బోరింగు సీసా మాత్రం మొన్న పెట్టినది కూడా నల్లగానే అయింది. మా పాత ఒరలు ఖాళీ చేయించి సున్నం చల్లి పూడ్చేశాం గానీ, పక్కవాళ్ల గొయ్యి మా బోరింగుకి 25 అడుగులు. గోడ మీంచి పక్కింటి పిన్నిగారికి ఆ సీసా చూపించాను, ఏమీ అనకుండా తీసుకుని ఎండలో తిప్పి చూశారు. కాలవలు కట్టేశాక మేస్త్రీ గారిని పంపమన్నారు. గట్టు మాత్రం వద్దట, కూర్చునే తోముకుంటారట, ఆ సంగతి మా అత్తయ్యగారు చూసుకుంటానన్నారు.