రెండేళ్ల కిందటి సముద్రానికి వడ్డీ

సముద్రం దగ్గర వేసుకోవడానికని మా చిన్నోడికి రబ్బరు చెప్పులు కొన్నాం. అవి వాడికి బిగుతైపోతే పక్కింటి పిల్లాడికిచ్చాం. ఇప్పుడు ఆ పిల్లాడికీ బిగుతైపోయాయి. వాటి తాలూకు బాకీ మాత్రం మా క్రెడిట్ కార్డు మీద చెక్కుచెదరకుండా ఉంది. ఒక్క చెప్పులదేనా, ఆ నాలుగు రోజుల గదిది, రానూపోనూ టికెట్లది, ఒడ్డున తీయించుకుని ఇంతవరకూ ఫ్రేము కట్టించని ఫోటోది కూడా.

ఓ రాత్రి స్టేట్‌మెంట్ చూస్తుంటే ఈ సంగతి తట్టి, మా ఆయన్ని తట్టి లేపాను.

"ఏమండీ, రెండేళ్ల కిందటి సముద్రానికి మనం ఇంకా వడ్డీ కడుతున్నాం."

"అలలు ఆగవు కదా," అని అటు తిరిగి పడుకున్నారు.

నేను పనిచేసేది ఓ ఆఫీసు అకౌంట్స్‌లో. నెలాఖరుకి చిల్లర తేడా వచ్చినా అది దొరికేదాకా కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. ఇంటికొస్తే మాత్రం, జీతం పడ్డ రోజుకీ అయిపోయిన రోజుకీ మధ్య ఏం జరిగిందో చెప్పమంటే నీళ్లు నమలడమే. లెక్కలు రాక కాదు. ఆ కాగితం మీద ఏం కనబడుతుందో తెలుసు కాబట్టే పెన్ను పట్టుకోలేదు.

ఆ ఆదివారం పిల్లలు పడుకున్నాక పట్టుకున్నాం. పెద్దదాని లెక్కల నోటుబుక్కులో చివరి పేజీ చింపి, నేను చెబుతుంటే ఆయన రాశారు. రెండు కార్డులు, ఒక పర్సనల్ లోను, ఆయన ఫోను వాయిదాలు, మా అన్నయ్య దగ్గర తీసుకున్న చేబదులు. మొత్తం అయిదు. గీత గీసి కూడుదామనుకుంటుంటే ఆయన పెన్ను ఆపి, "ఇంకోటుంది" అన్నారు. ఫోన్లో ఏదో యాప్ ద్వారా తీసుకున్న చిన్న అప్పు. ఎందుకని అడిగితే, సముద్రం నుంచి తిరిగొచ్చే రోజు కార్డు పరిమితి అయిపోయి గది ఖాళీ చేయడానికి డబ్బు చాల్లేదట. నేనూ పిల్లలూ కింద సామాను దగ్గర నవ్వుతూ నిలబడి ఉన్నామట. ఆ నవ్వు పాడుచేయడం ఇష్టంలేక చెప్పలేదట.

కోపం రాలేదంటే అబద్ధం. అయితే మా అన్నయ్య చేబదులు సంగతి ఆయనకి నేను చెప్పింది కూడా ఓ ఆర్నెల్లు ఆగాకే. కాబట్టి ఎక్కువ మాట్లాడలేదు. ఆరో వరసా రాసి కూడాం.

ఇంతకాలం మేం కార్డు మీద కడుతున్నది మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సినంత. నెలనెలా ఠంచనుగా కట్టేవాళ్లం. దాంతో మేమేదో బాధ్యత గల మనుషులమన్న భ్రమ ఉండేది. మా కార్డు వడ్డీ నెలకు 3 శాతం. అంటే ఏడాదికి 36 అనుకుంటాం గానీ, వడ్డీ మీద వడ్డీ పడుతూ పోతే 42.6 దగ్గర తేలుతుంది. మినిమమ్ డ్యూ బాకీలో 5 శాతం. కొత్తగా ఏమీ కొనకుండా ఇలాగే కడుతూ పోతే వంద బాకీ ఏడాదికి ఏమవుతుందో లెక్కేశాను. మొత్తం కట్టేది 55. బాకీ తగ్గేది 23. మిగతా 32 వడ్డీ మింగేస్తుంది. ఆ వంద యాభై అవడానికే 32 నెలలు పడుతుంది. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా గీకినదానికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ. అసలు కంటే వడ్డీ ముద్దని మనవల గురించి అంటారు. మా ఇంట్లో అది కార్డుకే సరిపోయింది.

ఫోను వాయిదాల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. "12 శాతమే" అని ఇచ్చారు. అది ఫ్లాట్ రేటు, అంటే అసలు నెలనెలా తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే వేస్తారు. పన్నెండు వాయిదాల్లో కట్టే అప్పుకి, తగ్గే బాకీ లెక్కన చూస్తే అది 21.5 శాతం. ఆఫీసులో ఇలాంటివి ఎవరైనా తెస్తే నేనే పట్టుకుంటాను. ఇంటికొచ్చిన కాగితం మీద చూడకుండా సంతకం పెట్టాను.

మొదట మేం చేసింది అందరూ చేసేదే. "అప్పు తీరేదాకా ఎక్కడికీ వెళ్లేది లేదు" అని తీర్మానం. పిల్లలకి చెబితే చిన్నోడు "ఎన్ని రోజులు?" అన్నాడు. "మూడేళ్లు" అంటే వాడికి అర్థంకాలేదు, వాడికి మొత్తం ఉన్నవే ఆరు. ఏడు నెలలు నిష్ఠగా గడిచాయి. ఎనిమిదో నెలలో ఆడపడుచు వాళ్లు అందరం కలిసి కొండలకి వెళ్దామన్నారు. వద్దందామని ఫోను తీసి, సరే అన్నాను. ఏడు నెలలు బిగపట్టిన ఊపిరి ఒక్కసారి వదిలినట్టు, ఆ మూడు రోజులూ ఎవరం ధర అడగలేదు. "ఏడు నెలల్నుంచి ఎక్కడికీ వెళ్లలేదు కదా" అన్నది ప్రతి ఖర్చుకీ జవాబు. ఏడు నెలల్లో తీర్చినదాంట్లో సగానికి పైగా మళ్లీ కార్డెక్కింది.

తిరిగొచ్చాక నాకు తేలింది ఒకటే. మా ఇంట్లో ట్రిప్పులు ఆగవు. అవి లెక్కలో ఉంటాయా, లెక్క బయట ఉంటాయా అన్నదే తేల్చుకోవాలి.

అప్పుడు ట్రిప్పు డబ్బా పెడదామన్నాను. వేరే ఖాతా తెరిచి, దానికి ఏ కార్డూ తీసుకోకుండా, నెలనెలా కొంత అందులో వేసి, అందులో ఉన్నంతలోనే వెళ్దామని. ఆయన ఒప్పుకోలేదు. ఆయన వాదనా గట్టిదే. "కార్డు మీద 3 శాతం కడుతూ, ఆ ఖాతాలో డబ్బు ఊరికే పడేసుకుంటామా? అదంతా బాకీకే కట్టేద్దాం. వెళ్లే రోజు కావలసినంత గీకుదాం. వడ్డీ మిగులుతుంది కదా."

లెక్క ప్రకారం ఆయనదే రైటు. ఎంత రైటో కూడా చూశాను. నెలకో వాటా చొప్పున పన్నెండు నెలలు డబ్బాలో వేస్తే, ఆ డబ్బు బాకీకి కట్టనందుకు మనకి పడే వడ్డీ రెండు వాటాల పైచిలుకు. పన్నెండు దాచుకోవడానికి రెండు జరిమానా. కాగితం ఆయన ముందు పెట్టి ఒక్కటే అడిగాను.

"సముద్రానికి వెళ్లేముందు ఎంత గీకుదామనుకున్నాం?"

ఆయన యాప్ అప్పున్న వరస వైపు చూశారు. ఇంకేం మాట్లాడలేదు.

ఆ జరిమానా మా బుద్ధికి కట్టే ఫీజు అనుకున్నాం. అయితే ఫీజు తక్కువుండేలా చూసుకోవచ్చు కదా. 3 శాతం కార్డులు బతికున్నన్నాళ్లూ ఖర్చులు పోను మిగిలే పది పాళ్లలో తొమ్మిది అప్పులకి, ఒకటి డబ్బాకి. కార్డులు రెండూ తీరి, నెలకు 1 శాతం వడ్డీ ఉన్న పర్సనల్ లోను ఒక్కటే మిగిలినప్పుడు డబ్బా వాటా పెంచుదామన్నాం. 1 శాతం దగ్గర అదే పన్నెండు నెలల డబ్బాకి పడే జరిమానా ఇరవై రోజుల వాటాయే. ఎప్పుడు ఎంత దూరం వెళ్లాలో మా సరదాని కాదు, మిగిలిన అప్పు వడ్డీని అడిగి తేల్చుకోవడం అప్పట్నుంచే మొదలైంది.

అప్పులు తీర్చే వరస దగ్గర మాత్రం నేను అకౌంట్స్ మనిషిలా ప్రవర్తించలేదు. ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలని తెలుసు. కానీ మొదటి రెండు నెలలూ యాప్ అప్పు, అన్నయ్య చేబదులు తీర్చేశాం. అన్నయ్యది వడ్డీ లేని అప్పు. కానీ వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా వదిన నా చేతిలోని కొత్త సంచి వైపు చూస్తుందేమోనన్న బెంగ ఉందే, అది 3 శాతం కంటే ఎక్కువ.

ఆ రోజుల్లోనే ఓ పాత పరిశోధన చదివాను. 1998లో ప్రెలెక్, లోవెన్‌స్టీన్ అనే ఇద్దరు ప్రచురించింది. విహారయాత్రకైతే ముందే వాయిదాల్లో కట్టేసుకుని వెళ్లడానికి మనుషులు మొగ్గుచూపారట, వాషింగ్ మెషిన్ లాంటిదాన్నయితే తెచ్చుకున్నాక కట్టడానికి. మెషిన్ ఏళ్ల తరబడి పనిచేస్తుంటుంది కాబట్టి దాని వాయిదా అంత గుచ్చుకోదు. ట్రిప్పు అయిపోయాక కట్టాల్సింది మాత్రమే మిగులుతుంది. చదివి నవ్వొచ్చింది. మేం వాషింగ్ మెషిన్‌ని రొక్కం పెట్టి కొన్నాం, సముద్రాన్ని కార్డు మీద పెట్టాం.

తర్వాత పాత స్టేట్‌మెంట్లు తీసి రెండు ట్రిప్పులనీ విడగొట్టాను. వంద ఖర్చయితే టికెట్లు, గదీ కలిపి 56. మిగతా 44 అక్కడికి వెళ్లాక అయినవే. టాక్సీలు, చూసే చోట ప్రవేశ రుసుములు, మర్చిపోయి మళ్లీ కొన్న ఛార్జరు, గాలికి ఎగిరిపోయిన టోపీ, దాని బదులు కొన్న టోపీ. బయల్దేరేముందు మేం "బడ్జెట్" అని మాట్లాడుకున్నదంతా ఆ 56 గురించే. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు, ఈ 44 ఎప్పుడూ మా కళ్లబడలేదు. ఇప్పుడు టికెట్లూ గదీ కట్టేశాక డబ్బాలో దాదాపు సగం మిగిలి ఉంటేనే బయల్దేరతాం. లేకపోతే ఒక రాత్రి తగ్గిస్తాం. టికెట్లు ఎన్ని రోజులున్నా అంతే. గది అలా కాదు, ప్రతి రాత్రీ అడుగుతుంది.

కార్డులు తీరడానికి పదమూడు నెలలు పట్టింది. ఆ పదమూడు నెలల డబ్బాతో వెళ్లగలిగింది ఒకే ఒక్క రాత్రి, అదీ బస్సులో. పెద్దది ముఖం ముడుచుకుంది. చిన్నోడికి బస్సులో కిటికీ సీటు దొరికింది, అంతకంటే వాడికేం అక్కర్లేదు.

తర్వాత వాటా మూడు పాళ్లకి పెంచాం. బీరువా తలుపు లోపలివైపు గళ్ల కాగితం అంటించి, నెలనెలా వేసిన మేరకి పిల్లలు గడులు నింపేవాళ్లు. ఎక్కడికి వెళ్లాలో, ఏ బొమ్మ అంటించాలో గొడవలు. 2010లో వచ్చిన ఓ పరిశోధనలో నెదర్లాండ్స్‌లో 1,530 మందిని అడిగి చూస్తే, సెలవులకి వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్లకంటే వెళ్లకముందు ఎక్కువ సంతోషంగా ఉన్నారట, వచ్చాక చాలామందిలో ఆ తేడా కనబడలేదట. మా బీరువా తలుపు చూసినవాళ్లెవరైనా ఆ మాట నమ్ముతారు. కార్డు మీద వెళ్లిన రోజుల్లో బుధవారం అనుకుని శుక్రవారం బయల్దేరేవాళ్లం, ఎదురుచూపులకి సందేదీ?

సగం గడులు నిండాక మామగారి కంటి ఆపరేషన్ వచ్చింది. డబ్బా ఖాళీ చేశాం. ఎవరం ఒక్క మాట అనలేదు. పెద్దది రబ్బరు తీసుకుని గడులు చెరిపేసింది. పెన్సిల్‌తో నింపమని మొదట్లో చెప్పినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ తర్వాత పది పాళ్లనీ ఆరు, మూడు, ఒకటిగా విడగొట్టాం. ఆ ఒకటి ఇలాంటివాటికి, ఏడాదికోసారి మీదపడే ఫీజులకీ ప్రీమియాలకీ. ఇది మొదట్లోనే చేయాల్సింది. అయిదు నెలలు ఆలస్యంగా కొండలకి వెళ్లాం, మూడు రాత్రులు.

ఈసారి రోజుకో కవరు. నాలుగు కవర్లూ పెద్దదాని చేతిలో పెట్టాం, పన్నెండేళ్లది. అంత కర్కోటకురాలైన క్యాషియర్‌ని మా ఆఫీసులో కూడా చూడలేదు. రెండో రోజు సాయంత్రం ఆయన గుర్రం ఎక్కుదామని చేయి చాపితే, "నాన్నా, ఇవాళ్టిది అయిపోయింది. రేపటిది రేపే" అంది. "నేను సంపాదించిందే కదమ్మా" అన్నారు. "నాకివ్వకుండా ఉండాల్సింది" అంది. గుర్రం మూడో రోజు పొద్దున్న ఎక్కారు. ఎక్కాక భయమేసి తొందరగా దిగిపోయారు, అది వేరే కథ.

తిరిగొచ్చిన నెల స్టేట్‌మెంట్ వచ్చింది. కట్టవలసింది సున్నా. ఆయన వేలితో కిందికి జరుపుతూనే ఉన్నారు, రెండో పేజీ ఉందేమోనని.

పర్సనల్ లోను ఇంకా పదకొండు వాయిదాలుంది. బీరువా తలుపుకి కొత్త కాగితం అంటించాం. నాలుగో కవర్లో కొంత మిగలాలి, నా లెక్క ప్రకారం. పెద్దదాన్ని అడిగితే, "అది వచ్చేసారిది" అంటుంది తప్ప ఎక్కడ పెట్టిందో చెప్పదు.